నాసా బొమ్మలో ఆ నీలం రంగు ఎవరు పూశారండీ?

ఫ్లెక్సీ_రాంబాబు
రావులపాలెంలో ఫ్లెక్సీల షాపు నాది. నాయకుడి మొహం తెల్లగా చెయ్యడం, లేని దండ మెడలో వెయ్యడం, రాని మనిషిని పక్కన నిలబెట్టడం రోజూ చేసే పనే. అంచేత రంగు పూసిన ఫొటో ఇట్టే పట్టేస్తాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నిన్న ఓ బొమ్మ పంపించి ప్రింటు తియ్యమంది. బుల్లెట్ క్లస్టర్ అంట. రెండు గెలాక్సీ గుంపులు గుద్దుకున్నాయంట. మధ్యలో గులాబి రంగు, అటూ ఇటూ నీలం. నీలం ఉన్నచోట కృష్ణ పదార్థం ఉందంట. అది కంటికీ కనపడదు, కెమెరాకీ కనపడదు అని వాళ్లే రాశారు. మరి కనపడనిదానికి అంత మెత్తగా ఎయిర్‌బ్రష్ ఎవరు కొట్టారు? ఇంకోచోట చూస్తే "ఢీకొన్నప్పుడు కృష్ణ పదార్థం గెలాక్సీల నుంచి విడిపోయింది" అని హెడ్డింగు. బొమ్మలో గెలాక్సీలు నీలంలోనే ఉన్నాయి కదా! తెలిసినవాళ్లు చెప్పండి, అమ్మాయి ముందు పరువు పోయేలా ఉంది.

కాలవగట్టు
ప్రింటు డబ్బులు తీసుకున్నారా లేదా, ముందది చెప్పండి.

లంక_లెక్కలు
రాంబాబు గారూ, మీ అనుమానం సబబే. నీలం ఫొటో కాదు, లెక్క.

ఆ బొమ్మలో మూడు పొరలు ఉన్నాయి. చుక్కల్లా, మరకల్లా కనపడేవి గెలాక్సీలు. వాటిని మామూలు కాంతిలో హబుల్, చిలీలో ఉన్న మాగెలాన్ టెలిస్కోపులు తీశాయి. గులాబి రంగు ఎక్స్‌రేలది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర టెలిస్కోపు దాదాపు 5 లక్షల సెకన్ల పాటు అటే చూసి తీసిందది. అక్కడున్నది పది కోట్ల డిగ్రీలు దాటిన వేడి వాయువు. ఎక్స్‌రేకి మన కంట్లో రంగు లేదు కాబట్టి ఏదో ఒకటి వెయ్యాలి, గులాబి వేశారు.

నీలం మాత్రం ఏ కెమెరా తీసిందీ కాదు. బరువున్న చోట కాంతి వంగుతుంది. 1919 సూర్యగ్రహణంలో ఎడింగ్టన్ చూపించింది అదే. ఈ గుంపు వెనక, ఇంకా చాలా దూరంలో వేల గెలాక్సీలు ఉన్నాయి. వాటి కాంతి ఈ గుంపు పక్కనుంచి వస్తూ వంగి, ఆకారాలు కాస్త సాగుతాయి. ఒక్కో గెలాక్సీని చూస్తే ఏమీ తేలదు, అది పుట్టుకతోనే కోలగా ఉండొచ్చు. కానీ వేలల్లో కొలిచి సగటు కడితే ఒకే వరసలో సాగిన జాడ బయటపడుతుంది. "ఇంత సాగాలంటే బరువు ఇక్కడ, ఇంత ఉండాలి" అని వెనక్కి లెక్క కట్టి పటం గీస్తారు. ఆ పటానికి పూసిందే నీలం. అంచులు మెత్తగా ఉన్నాయంటే అంతకంటే సన్నగా ఆ లెక్కలో తేలదు.

2006లో డగ్లస్ క్లోవ్ బృందం ఈ పటాన్నీ ఎక్స్‌రే బొమ్మనీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. బరువు గులాబి మీద కూర్చోలేదు, గెలాక్సీల మీద కూర్చుంది. గొడవంతా అక్కడ మొదలైంది.

ఫ్లెక్సీ_రాంబాబు
అంటే రంగు పూశారు గానీ దొంగరంగు కాదంటారు. సరే. బరువు గెలాక్సీల మీద కూర్చుంటే వింతేముందండీ? గెలాక్సీలకి బరువుండదా?

పాలకొల్లు_పద్మజ
అసలు కీలకం అదే. గెలాక్సీ గుంపులో మనకు కనపడే పదార్థంలో ఎక్కువ భాగం గెలాక్సీల్లో ఉండదు. వాటి మధ్య ఖాళీలో నిండిన వేడి వాయువులో ఉంటుంది. నక్షత్రాలన్నీ కలిపినా ఆ వాయువు ముందు చాలా తక్కువ. మొత్తం బరువులో సుమారుగా నక్షత్రాలు నూటికి ఒకటి రెండు, వాయువు పది పదిహేను. కనపడేదే అంతా అయితే బరువు గులాబి రంగు మీద పడాలి. పడలేదు. గెలాక్సీలతో పాటు ఇంకేదో, చాలా బరువైనది, వాయువుని వదిలేసి ముందుకెళ్లిపోయింది.

ఆ హెడ్డింగు మాత్రం తప్పుదారి పట్టిస్తోంది. ఇక్కడ విడిపోయింది వాయువు. గెలాక్సీలూ కృష్ణ పదార్థమూ ఒకే జట్టు.

రొయ్యలరాజు
చెరువు గట్టు మీద ఏరియేటర్లకి కాపలా కాత్తా చదువుతున్నానండి. నాకు ఎగరబోతలాగ అనిపిత్తంది. కళ్లంలో చేటెత్తి ధాన్యం వదిలితే గట్టి గింజ తిన్నగా కింద పడద్ది, తాలు గాలికి అవతల పడద్ది. కృష్ణ పదార్థం గట్టి గింజ, వాయువు తాలు. అంతేనా మాస్టారూ?

కాలవగట్టు
రాజుగారూ, ఇప్పుడు కళ్లాలెక్కడున్నాయండీ, అన్నీ హార్వెస్టర్లే.

రొయ్యలరాజు
మా నాన్నగారి కాలంలో ఉండియ్యండి. మీరు కాలవ గట్టున కూర్చోండి, మాస్టార్ని చెప్పనియ్యండి.

లంక_లెక్కలు
రాజుగారూ, మీరనుకున్నదాని కంటే బాగా కుదిరింది. తాలు గింజా, గట్టి గింజా బయటికి ఒకటే సైజు. గాలికి ఎదురయ్యే వైశాల్యం రెండింటికీ ఒకటే. తేడా లోపలి బరువులో. తాలుకి గ్రాముకి ఎక్కువ వైశాల్యం, గట్టి గింజకి గ్రాముకి తక్కువ. గాలి వేరు చేసేది దాన్నిబట్టే. కృష్ణ పదార్థాన్ని కొలిచేవాళ్లూ సరిగ్గా ఇదే లెక్క వాడతారు, గ్రాముకి ఇన్ని చదరపు సెంటీమీటర్లు అని. ఒక గ్రాము కృష్ణ పదార్థం ఎదురుగా వచ్చే కృష్ణ పదార్థానికి ఎంత అడ్డం పడుతుంది అన్నది ప్రశ్న. బుల్లెట్ క్లస్టర్ మీద 2008లో వచ్చిన లెక్క ప్రకారం అది గ్రాముకి 1.25 చదరపు సెంటీమీటర్లకు మించదు.

పాలకొల్లు_పద్మజ
పోలిక బాగుంది గానీ ఒకచోట తేడా కొడుతుంది మాస్టారూ. ఎగరబోతలో గాలి బయటిది. ఇక్కడ బయటి గాలి అంటూ లేదు. ఒక గుంపు వాయువుకి ఎదురుగాలి రెండో గుంపు వాయువే. రెండూ ఒకదాన్నొకటి ఆపుకున్నాయి. ఆ చిన్న గుంపు వాయువు బుల్లెట్ ఆకారంలో మొన తేలి, ముందు విల్లులా ఆఘాత తరంగం, అంటే వాయువు ఒక్కసారిగా నొక్కుకుపోయిన అంచు, కనపడటానికి కారణం అదే. 2002లో మార్కెవిచ్ బృందం చంద్ర బొమ్మల్లో చూసింది దాన్నే. పేరూ అక్కడినుంచే.

సౌమ్య_కాకినాడ
నాదొక డౌటు. ఆ వాయువు లీటరుకి ఒకటో పదో కణాలంత పల్చన అని చదివాను. మన దగ్గర ల్యాబులో వాక్యూమ్ కూడా అంత ఖాళీగా ఉండదు. అంత పల్చటిది దేన్ని ఆపుతుంది?

లంక_లెక్కలు
మంచి ప్రశ్నమ్మా. కారణాలు రెండు. ఒకటి, అది మామూలు గాలి కాదు, ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ప్లాస్మా. విద్యుదావేశం ఉంది, సన్నటి అయస్కాంత క్షేత్రాలు ఉన్నాయి. కణాలు నేరుగా గుద్దుకోనక్కర్లేదు, దూరం నుంచే ఒకదాన్నొకటి లాగి తోస్తాయి. రెండు, దారి పొడవు. లక్షల కాంతి సంవత్సరాలు ఆ పల్చటిదానిలోంచే దూసుకెళ్లాలి, అదీ సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో. వేగం రెట్టింపైతే ఎదురొత్తిడి నాలుగింతలవుతుంది.

అదే గెలాక్సీల సంగతి చూడు. సూర్యుడి నుంచి దగ్గర్లో ఉన్న నక్షత్రానికి దూరం, సూర్యుడి వ్యాసానికి దాదాపు 3 కోట్ల రెట్లు. రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి పోయినా నక్షత్రానికి నక్షత్రం తగలడం జరగని పనే. ఇక గుంపులో గెలాక్సీకీ గెలాక్సీకీ మధ్య ఉన్న ఖాళీ ఎక్కువ కాబట్టి చాలావరకు అవి ఒకదాన్నొకటి పలకరించకుండానే వెళ్లిపోతాయి. గురుత్వం మాత్రం అందరినీ లాగుతుంది.

కాలవగట్టు
మా ఊళ్లో పెళ్లికి పిలవని చుట్టాల్లాగన్నమాట.

యానాం_బాబ్జీ
అందరూ కృష్ణ పదార్థం ఉందని ఖాయం చేసేసుకుని మాట్లాడుతున్నారు. ఇన్నేళ్లు భూమి లోపల గుహల్లో డిటెక్టర్లు పెట్టి వెతికారు, ఒక్క కణం చిక్కిందా? 1933లో ఝ్వికీ కోమా అనే గెలాక్సీ గుంపు చూసి బరువు చాలట్లేదన్నాడు, 1970లో వేరా రూబిన్ ఆండ్రోమెడా చూసి అదే చెప్పింది. బరువు చాలకపోతే సూత్రం తప్పేమో అని ఎందుకనుకోకూడదు? 1983లో మిల్‌గ్రామ్ అదే అన్నాడు. త్వరణం బాగా తక్కువైన చోట న్యూటన్ లెక్క మారుతుందని. గెలాక్సీలు తిరిగే వేగాలు ఆ లెక్కతో ఎంత చక్కగా వస్తాయో చూడండి, అప్పుడు మాట్లాడండి.

పాలకొల్లు_పద్మజ
బాబ్జీ గారూ, గెలాక్సీల తిరుగుడు విషయంలో మీ మాట కాదనను. మిల్‌గ్రామ్ సూత్రం, మోండ్ అంటారు దాన్ని, అక్కడ నిజంగానే బాగా పనిచేస్తుంది. కానీ ఆ సూత్రంలో గురుత్వానికి మూలం కనపడే పదార్థమే. బుల్లెట్‌లో కనపడే పదార్థం ఎక్కువ ఉన్నది గులాబిలో. బలాన్ని ఎంతైనా పెంచండి, బరువు ఒకచోట ఉండి వంపు ఇంకోచోట ఎలా వస్తుంది?

యానాం_బాబ్జీ
దానికీ జవాబిచ్చారు. 2 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల బరువుకి వాడే కొలత అది) బరువున్న న్యూట్రినోలు కలిపితే లెక్క సరిపోతుంది. న్యూట్రినో మనకు తెలిసిన కణమే, కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

సౌమ్య_కాకినాడ
సార్, ఆ దారి మూసుకుపోయింది. జర్మనీలో కాట్రిన్ ప్రయోగం 2022లో న్యూట్రినో బరువు 0.8 ఎలక్ట్రాన్ వోల్టు లోపే అని తేల్చింది. తర్వాత హద్దు ఇంకా కిందికి దిగింది. 2 దగ్గరికి కూడా రాదు.

యానాం_బాబ్జీ
అయితే ఇంకేదైనా ఉండొచ్చు. నేను అడిగేది ఒక్కటే, కణం చూపించండి.

కాలవగట్టు
బాబ్జీ గారు పంటు మీద టిక్కెట్టు అడిగినట్టు అడుగుతున్నారు.

రొయ్యలరాజు
ఈ గుద్దులాట మన ఆకాశంలో ఏ మూలుందండి? రాత్రంతా మెలకువే కదా, చూత్తాను.

పాలకొల్లు_పద్మజ
రాజుగారూ, ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదింటికి దక్షిణం వైపు తిరగండి. అంతర్వేది సముద్రం గట్టు లాంటి చోటైతే చెట్లు అడ్డం రావు. తక్కువ ఎత్తులో బాగా మెరుస్తూ కనపడేది అగస్త్య నక్షత్రం. చెయ్యి చాపి మూడు నాలుగు వేళ్లు కలిపి పట్టుకుంటే ఎంత వెడల్పో, దానికి అంత దూరంలో ఎడమవైపు కిందికి ఈ గుంపు ఉంది. అక్కడ మీకేమీ కనపడదు. సుమారు 370 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దిక్కు తెలుస్తుంది, అంతే.

రొయ్యలరాజు
ఆయ్. దిక్కు చాలండి.

సౌమ్య_కాకినాడ
వేగం గురించి మాస్టారు "సెకనుకి వేల కిలోమీటర్లు" అని వదిలేశారు. ఒకచోట 4700 అని ఉంది, ఇంకోచోట 2700. ఏది నిజం?

లంక_లెక్కలు
రెండూ. దీని మీద పెద్ద రగడే జరిగింది. ఎక్స్‌రే బొమ్మలో ఆఘాత తరంగం కొలిస్తే సెకనుకి 4700 కిలోమీటర్ల దాకా వస్తుంది. కృష్ణ పదార్థం గుంపు కూడా అదే వేగంతో పోతోందని మొదట్లో అనుకున్నారు. అంత వేగం మామూలు గురుత్వంతో రావడం కష్టం, కృష్ణ పదార్థానికి మనకు తెలియని ఐదో బలం ఏదో ఉందేమో అన్నదాకా పోయింది. 2007లో స్ప్రింగెల్, ఫరార్ కంప్యూటర్‌లో ఆ ఢీని నడిపి చూశారు. తరంగానికి ఎదురుగా ఉన్న వాయువు నిలబడి లేదు, అది కూడా బుల్లెట్ వైపే పడుతోంది. ఎదురొచ్చే దాంతో పోల్చి కొలిస్తే వేగం ఎక్కువ కనపడుతుంది కదా. గుంపు అసలు వేగం 2700 దగ్గర తేలింది. ఐదో బలం అవసరం పడలేదు.

ఆ 2700 వేగంతో కూడా ఒక్క కాంతి సంవత్సరం దాటడానికి 110 ఏళ్లు పడుతుంది. బొమ్మలో మనం చూస్తున్నది, గుంపులు ఒకదానిలోంచి ఒకటి దూరి పది పదిహేను కోట్ల ఏళ్లయ్యాక ఉన్న స్థితి.

ఫ్లెక్సీ_రాంబాబు
చదువుతున్నానండీ, మధ్యలో రెండు బ్యానర్లు కూడా కొట్టేశాను. నా హెడ్డింగు సంగతి తేల్చండి. పద్మజ గారు తప్పుదారి అన్నారు. మరి అంత పెద్ద పత్రికలో ఊరికే రాస్తారా?

పాలకొల్లు_పద్మజ
ఆ హెడ్డింగు బుల్లెట్‌ది అయ్యుండదు. 2015లో అబెల్ 3827 అనే గుంపు వార్త ఒకటి వచ్చింది, బహుశా దాని తాలూకుది. ఆ గుంపు నడిబొడ్డున నాలుగు పెద్ద గెలాక్సీలు ఉన్నాయి. వాటిలో ఒకదాని కృష్ణ పదార్థం, గెలాక్సీ నుంచి 5 వేల కాంతి సంవత్సరాలు వెనకబడి ఉందని డర్హమ్ యూనివర్సిటీ మాసీ బృందం రాసింది. అదే నిజమైతే పెద్ద కబురు. గెలాక్సీ ఆగకుండా పోతూ కృష్ణ పదార్థం వెనకబడిందంటే దాన్ని ఏదో పట్టి లాగినట్టే. అంటే గురుత్వం కాకుండా దానిలో దానికే ఇంకో రాపిడి ఉండాలి. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి.

మూడేళ్లకి వాళ్లే ఆల్మా రేడియో టెలిస్కోపుతో మళ్లీ చూశారు. వెనక గెలాక్సీ కాంతి ఎక్కడెక్కడ వంగి పడుతోందో ఇంకా స్పష్టంగా దొరికింది. కొత్త లెక్కలో వెనకబాటు లేదు. కృష్ణ పదార్థం గెలాక్సీతోనే ఉంది. ఈ రెండో వార్త ఎన్ని పేపర్లలో వచ్చిందో మీరే ఊహించుకోండి.

కాలవగట్టు
సవరణ ఎప్పుడూ ఆరో పేజీలో పెళ్లి సంబంధాల పక్కనే.

యానాం_బాబ్జీ
మరి అబెల్ 520 సంగతి ఎవరూ ఎత్తరేం? అక్కడ తేడాగా ఉంది కదా.

లంక_లెక్కలు
ఎత్తుదాం. 2007లో మహదవి బృందం అబెల్ 520లో తిరకాసు ఒకటి చూపించింది. గులాబి వాయువు ఉన్నచోటే బరువు కుప్పగా ఉంది, పైన గెలాక్సీలు పెద్దగా లేవు. బుల్లెట్‌కి అచ్చంగా తిరగబడ్డ కథ. 2012లో జీ బృందం హబుల్ బొమ్మలతో అవునంది. అదే ఏడాది క్లోవ్ బృందం హబుల్‌లోనే ఇంకో కెమెరా బొమ్మలతో చూసి అలాంటి కుప్పే లేదంది. 2014లో జీ మళ్లీ ఉందనే అన్నాడు. సాగిన ఆకారాల్లో ఏది లెక్కలోకి తీసుకోవాలి, ఏది వదలాలి అన్నచోటే పేచీ. ఒక్క గుంపుని పట్టుకుని సిద్ధాంతం కట్టినా ఇంతే, కూల్చినా ఇంతే అని నా అభిప్రాయం.

బాబ్జీ గారూ, అబెల్ 520 మీ మోండ్‌కి కూడా సాయం చెయ్యదు. ఉంటే గింటే అది కృష్ణ పదార్థంలో రాపిడి ఉందనేవాళ్లకి పనికొస్తుంది.

యానాం_బాబ్జీ
నాకు సాయం అక్కర్లేదు. మీ సిద్ధాంతం కూడా అంత గట్టిది కాదని చెప్పడానికి చాలు.

సౌమ్య_కాకినాడ
ఒక్క గుంపు చాలదంటే చాలా గుంపులు కలిపి చూశారు కదా సార్. 2015లో హార్వే బృందం హబుల్, చంద్ర బొమ్మలతో 30 గుంపుల్లో 72 ఢీలు చూసింది. ప్రతి ఢీలోనూ నక్షత్రాలు, వాయువు, బరువు ఏ వరసలో ఉన్నాయో కొలిచింది. గ్రాముకి 0.47 చదరపు సెంటీమీటర్ల లోపే అంది. దాంతో రాపిడి కథ అయిపోయినట్టే కదా?

పాలకొల్లు_పద్మజ
అయిపోలేదు సౌమ్యా. 2018లో విట్‌మన్, గోలోవిచ్, డాసన్ అదే లెక్కను మళ్లీ తిరగేశారు. కొన్ని గుంపుల్లో కొలతలు సరిగా లేవు, ఇతరులు తీసిన మంచి డేటా కలిపితే హద్దు 2 దాకా వదులవుతుంది అన్నారు. 0.47కీ 2కీ నాలుగింతల తేడా.

ఇంకో సంగతి. ఇవి వినడానికి చిన్న సంఖ్యలు గానీ కణాల లోకంలో చాలా పెద్దవి. గ్రాముకి ఒక చదరపు సెంటీమీటరు అంటే దాదాపు న్యూట్రాన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే స్థాయి. "కృష్ణ పదార్థం దెయ్యంలా దూరిపోతుంది" అని అందరూ రాసేస్తారు. ఢీలు తేల్చింది అంత కాదు. వాయువులా ఆగలేదు అని మాత్రమే తేల్చాయి.

రొయ్యలరాజు
అంటే మా తాలు గింజ కాదని తేలింది. గట్టి గింజో ఇనప గుండో ఇంకా తెలీదు. అంతేనాండి?

లంక_లెక్కలు
అంతే రాజుగారూ. రేపు మా ఇంటర్ పిల్లలకి మీ మాటే చెప్తాను.

ఫ్లెక్సీ_రాంబాబు
మా అమ్మాయి పక్కన కూర్చుని చదువుతూ ఇంకో ప్రశ్న అడగమంటోంది. అటూ ఇటూ పోయిన ఆ రెండు నీలాలూ అలా పోతూనే ఉంటాయా, మళ్లీ వెనక్కి వస్తాయా?

లంక_లెక్కలు
తప్పకుండా వస్తాయమ్మా. గురుత్వం వదలదు. కొంత దూరం పోయి, నెమ్మదించి, మళ్లీ ఒకదానిమీద ఒకటి పడతాయి. అలా అటూ ఇటూ ఊగి ఊగి వందల కోట్ల ఏళ్లకి ఒకే గుంపుగా కుదురుకుంటాయి. ఈలోగా మధ్యలో ఆగిన వాయువు కూడా ఆ గుంతలోకే జారుతుంది. ఎల్ గోర్డో అనే పెద్ద గుంపు ఉంది, అది ఇప్పటికే తిరుగు ప్రయాణంలో ఉందని 2015లో ఒక బృందం వాదించింది.

పాలకొల్లు_పద్మజ
నీ ప్రశ్నలోనే అసలు పరీక్ష ఉంది తల్లీ. కృష్ణ పదార్థంలో రాపిడి లేకపోతే గుంపు నడిమధ్యలో అది చిక్కగా, కోసుగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద గెలాక్సీ ఆ మొన దగ్గర బిగుసుకుని కదలకుండా కూర్చోవాలి. రాపిడి ఉంటే మధ్యలో అది పల్చబడి చదునవుతుంది. అప్పుడు ఢీ అయిపోయి చాలా కాలమైనా ఆ పెద్ద గెలాక్సీ మధ్యనుంచి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. 2017లో హార్వే బృందమే హబుల్ బొమ్మల్లో కుదురుకున్న 10 గుంపులు తీసుకుని చూస్తే పెద్ద గెలాక్సీలు మధ్యకి దాదాపు 40 వేల కాంతి సంవత్సరాల దాకా పక్కకి జరిగి ఊగుతున్నట్టు తేలింది. పది గుంపులతో తేల్చే విషయం కాదు. యూక్లిడ్ టెలిస్కోపు 2023లో పైకెళ్లింది, దాని బొమ్మల్లో గుంపులు బోలెడు దొరుకుతాయి.

కృష్ణ పదార్థమూ గెలాక్సీలూ నిజంగా విడిపోతే ఇలాంటి చోట కనపడాలి. నీ బొమ్మ కింద "కృష్ణ పదార్థం వాయువు నుంచి విడిపోయింది" అని మార్చి ప్రింటు తియ్యమను మీ నాన్నని.

ఫ్లెక్సీ_రాంబాబు
మార్చానండి. పక్కనే ఎమ్మెల్యే గారి పుట్టినరోజు ఫ్లెక్సీ కూడా ఉంది, హడావిడిలో తారుమారవకుండా చూసుకోవాలి.

కాలవగట్టు
తారుమారైనా పరవాలేదండీ, రెండింట్లోనూ కనపడని బరువే ఎక్కువ.